మాటల కోసం పుట్టిన కొలత, జన్యువుల దగ్గరికి

మన పేగుల్లో ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైముల్లో కైమోట్రిప్సిన్ ఒకటి. బాసిల్లస్ బ్యాక్టీరియా అదే పనికి సబ్టిలిసిన్‌ను వాడుకుంటుంది. కోత పెట్టే చోట రెండింటిలోనూ ఉన్నవి సెరీన్, హిస్టిడిన్, ఆస్పార్టేట్ అనే మూడు అమైనో ఆమ్లాలే. అయినా వాటి అమైనో ఆమ్లాల వరుసలను పక్కపక్కన పెడితే చుట్టరికం కనిపించదు. వరుసలను మాత్రమే చూసే ప్రోగ్రాముకు ఈ పోలిక దొరకదు.

దాన్ని పట్టే కొలత భాషాపరిశోధనలో పుట్టింది. 1995లో ఫిలిప్ రెస్నిక్ ఇంగ్లిషు మాటల అర్థాలు ఎంత దగ్గరో లెక్కగట్టారు. విశాలమైన అర్థాల కింద వాటి రకాలను పేర్చిన చెట్టులో, రెండు మాటలకూ పైన ఉన్న ఉమ్మడి అర్థం ఎంత అరుదైతే, ఆ మాటలు అంత దగ్గరివి. అమెరికా చిల్లర నాణేలైన నికెల్, డైమ్ ‘నాణెం’ దగ్గరే కలుస్తాయి. నికెల్, క్రెడిట్ కార్డు కలవాలంటే ఇంకా పైకి, ‘మారక సాధనం’ దాకా వెళ్లాలి.

1998లో డ్రోసోఫిలా ఈగ, ఈస్ట్, ఎలుక జన్యువుల సమాచారం చూసుకునేవారు కలిసి జీన్ ఆంటాలజీ మొదలుపెట్టారు. జన్యువులు చేసే పనులన్నిటికీ ఒకే పదజాలం, అదీ కొమ్మలు రెమ్మలుగా. 2003లో మాంచెస్టర్‌లోని ఫిలిప్ లార్డ్ బృందం ఈ కొమ్మల మీద రెస్నిక్ సూత్రాన్ని ప్రయోగించింది.

లెక్క సులువే. ఒక పని పేరు ప్రతి పది జన్యువుల్లో ఒకదానికి ఉంటే దాని విలువ 1, వెయ్యిలో ఒకదానికే ఉంటే 3. రెస్నిక్ పద్ధతి ఉమ్మడి పేరు విలువనే తీసుకుంటుంది. ఆ పేరుకు కింద రెండు జన్యువులూ ఎంత దూరం విడిపోయాయో పట్టించుకోదు. డెకాంగ్ లిన్ 1998లో ఆ దూరాన్నీ లెక్కలోకి తెచ్చారు. కానీ రెండు జన్యువులకూ ‘అణువులను పట్టుకోవడం’ అనే పైపై పేరొక్కటే ఉంటే లిన్ పద్ధతి నూటికి నూరు ఇచ్చేస్తుంది! దాదాపు ఏమీ తెలియని జంటకు పూర్తి మార్కులన్నమాట. ఈ ఒక్క కారణంతోనే, సగం చదివిన జన్యువుల మీద నేను రెస్నిక్‌నే నమ్ముతాను. 2007లో వచ్చిన వాంగ్ పద్ధతి అరుదుతనాన్ని వదిలేసి కొమ్మల అమరికనే చూస్తుంది: ‘ఫలానా రకం’ అనే లంకెకు 0.8, ‘ఫలానాదాని భాగం’ అనే లంకెకు 0.6.

ఏది మేలో తేల్చడానికి చాలామంది వరుసల పోలికతో సరిచూస్తారు. చిక్కంతా అక్కడే. జన్యువులకున్న పని పేర్లలో ఎన్నో, వరుసల పోలిక చూసి కంప్యూటరే తగిలించినవి. ప్రశ్నపత్రం జవాబుల నుంచే తయారైనట్టు, అప్పుడు ఏ పద్ధతైనా బాగానే నెగ్గుకొస్తుంది. ప్రయోగశాలలో రుజువైన పేర్లను మాత్రమే ఉంచి మళ్లీ లెక్కకడితే, ఆ మార్కుల్లో నిజంగా ఎంత నిలుస్తుందో బయటపడుతుంది.