ఇంజన్ బ్లాకులో విరిగిన మర ముక్కను తీయడం ఎలా?

మా హాస్టల్లో ఐ.టి.ఐ. మోటారు మెకానిక్ ట్రేడు చదివేవాళ్లం నలుగురం ఉన్నాము. సంచికకు ఏదైనా రాయమన్నారు. కవితలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక మేము మాకు తెలిసిన పని గురించి రాస్తున్నాము. ఇది మా తప్పుతోనే మొదలైంది.

సెలవు రోజుల్లో పని నేర్చుకోవడానికి మేము వెళ్లే షెడ్డుకు ఒక శనివారం పాత పెట్రోలు వ్యాను వచ్చింది. బడిపిల్లల్ని తిప్పే బండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర ఆయిలు చుక్కలుగా కారుతోంది. కొంచెం బిగిస్తే ఆగిపోతుందనుకుని పానాకు పైపు తొడిగి లాగాము. టక్కుమంది. స్విచ్ తల చేతిలోకి వచ్చింది, మర ఉన్న భాగం బ్లాకులోనే ఉండిపోయింది. డ్రైవరన్న తిట్టలేదు. "సోమవారం పొద్దున ఏడింటికి పిల్లలు రోడ్డు మీద నిలబడి ఉంటారు తమ్ముడూ" అన్నాడు, అంతే.

ఈ స్విచ్ ఎందుకు విరిగిందో ముందు చెప్పాలి. దీని మర మామూలు బోల్టు మర లాంటిది కాదు. పైపు మర. లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, 16 మి.మీ. పొడవుకు 1 మి.మీ. చొప్పున. అందుకే బిగించేకొద్దీ మేకులా పట్టేస్తుంది, ఆయిలు కారకుండా ఆపేది కూడా ఆ పట్టే. కానీ అవసరానికి మించి బిగిస్తే స్విచ్ మెడ విరుగుతుంది. లేదంటే బ్లాకు పగులుతుంది. మాకు మెడ విరగడమే నయమైంది.

విరిగిన ముక్క బయటికి కాస్త పొడుచుకు వచ్చి ఉంటే గ్రిప్ ప్లయరుతో తిప్పేయవచ్చు. మాది అంచుకు సమంగా విరిగింది. మేము వెంటనే డ్రిల్లు మిషను అందుకోబోతే మేస్త్రి గారు చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆ రంధ్రం ఎక్కడికి పోతుందో తెలుసా?" అని అడిగారు. మాకు తెలియదు.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ స్విచ్ ఉండేది ఆయిల్ గ్యాలరీ మీద. పంపు తోడిన ఆయిలు ఫిల్టరు దాటిన తరువాత ఈ దారిలోనే క్రాంకు బేరింగులకు వెళుతుంది. అంటే డ్రిల్లు చేసినప్పుడు రాలే ఇనుప రజను గ్యాలరీలో పడితే దాన్ని ఆపడానికి మధ్యలో ఫిల్టరు లేదు. నేరుగా బేరింగులోకి పోయి గీతలు పెడుతుంది. ముక్క రాకపోతే బండి ఆగిపోతుంది, రజను పోతే ఇంజనే పోతుంది.

ముందు బ్యాటరీ తీగ తీసేశాము. ముక్క చుట్టూ తుడిచి, తుప్పు వదిలించే ఆయిలు వేసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి రాత్రంతా వదిలేశాము. షెడ్డులో ఆ ఆయిలు లేనప్పుడు డీజిలు వేస్తారు, అదీ కొంతవరకు పనిచేస్తుంది. ముక్క చుట్టూ బ్లాకును వేడిచేసి చల్లారనిస్తే తుప్పు పట్టు సడలుతుంది. బ్లాకు అల్యూమినియందైతే ఇంకా లాభం, ఎందుకంటే అది ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కానీ మా బండిలో పెట్రోలు పైపు జానెడు దూరంలోనే ఉంది. అందుకని మంట జోలికి పోలేదు.

ఆదివారం పొద్దున డ్రిల్లు మొదలుపెట్టాము. ముక్క మధ్యలో ముందే సన్నని రంధ్రం ఉంది కాబట్టి సెంటర్ పంచ్ అక్కరలేకపోయింది. బిట్టుకు గ్రీజు దట్టంగా పూసి, నాలుగు చుట్లు తిప్పడం, బయటికి తీసి రజను తుడవడం, మళ్లీ గ్రీజు పూయడం. గ్రీజుకు రజను అంటుకుంటుంది. ముక్క ఇనుముది కనుక అయస్కాంతం కూడా పనికొచ్చింది. ఇత్తడిదైతే అయస్కాంతం దండగ. అయిదు నిమిషాల పనికి గంట పట్టింది.

రంధ్రం 5 మి.మీ. అయ్యాక ఎక్స్‌ట్రాక్టర్ దింపాము. షెడ్లలో దీన్ని ఈజీ అవుట్ అంటారు. దీని చుట్లు ఎడమవైపు తిరిగి ఉంటాయి, విప్పే దిక్కుకు తిప్పితే ముక్కను కరిచి పట్టుకుంటుంది. మాది కరిచింది గానీ కదల్లేదు. ఇంకా బలం పెట్టాము. ఎక్స్‌ట్రాక్టర్ మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిసింది. అక్కడ ఆగాము. అది గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కోయలేదు. ఇంకో సంగతి, అది మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది. పలుచని గొట్టంలాంటి ముక్కలోకి దిగగొడితే ముక్కను వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది.

చివరికి పనిచేసింది పాత పద్ధతే. రంధ్రాన్ని కొంచెం కొంచెంగా 7.5 మి.మీ. వరకు పెంచాము. ఆ మరకు 8 దాటితే బ్లాకు మరలను బిట్టు కొరికేస్తుంది. హాక్సా బ్లేడు ముక్కను గ్రైండరు మీద సన్నగా అరగదీసి, గుడ్డ చుట్టి పట్టుకుని, ముక్క లోపలి గోడలో రెండు గాట్లు పెట్టాము. గాటు బ్లాకు మర దాకా పోకూడదు, మెరుపు కనపడగానే ఆపాలి. తరువాత సన్నని పంచ్‌తో గాటు అంచును లోపలికి తట్టాము. ముక్క తనలోకి తాను ముడుచుకుంది. సన్నమూతి ప్లయరుతో తిప్పితే వచ్చేసింది.

మరలను శుభ్రం చేయడానికి గ్రీజు పూసిన ట్యాపును చేత్తో తిప్పాము. ట్యాపు విషయంలో జాగ్రత్త. జపాన్ డిజైను ఇంజన్లలో ఈ చోట సాధారణంగా ఉండేది 1/8 పైపు మర, అంగుళానికి 28 పళ్లు. అమెరికా పద్ధతి 1/8 ట్యాపుకు 27 పళ్లు. చూడటానికి ఒకేలా ఉంటాయి, తప్పుది తిప్పితే ఉన్న మరలు పాడవుతాయి. తరువాత బ్యాటరీ కలిపి, ఇగ్నిషను కాయిలు తీగ తీసేసి, రంధ్రం కింద డబ్బా పెట్టి రెండుసార్లు సెల్ఫ్ కొట్టాము. ఆయిలు చిమ్మి, మిగిలిన రజను దానితోపాటు బయటికి వచ్చింది. మొత్తం వచ్చిందని దీన్ని నమ్ముకోకూడదు, గ్రీజు జాగ్రత్త ముందే తీసుకోవాలి.

కొత్త స్విచ్ మరకు లీకు ఆపే పేస్టు పలుచగా రాశాము. టేపు దండిగా చుట్టడం చాలామందికి అలవాటు. ఒకే తీగ ఉండే స్విచ్‌కు ఎర్త్ దొరికేది ఆ మర ద్వారానే. టేపు దాన్ని అడ్డుకుంటే ఆయిలు పూర్తిగా అయిపోయినా డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగదు. బిగింపు చాలా కార్లకు 12 నుంచి 20 న్యూటన్ మీటర్ల లోపే, బండి మాన్యువల్ చూసుకోవాలి. ఈసారి పానాకు పైపు తొడగలేదు.

తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది. స్టార్టు చేసిన క్షణంలో ఆరిపోయింది. ఇంజను ఆపి ఆయిలు మట్టం చూసి, తగ్గింది పోశాము. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి వెళ్లాము. సోమవారం ఆరున్నరకు డ్రైవరన్న వచ్చేసరికి అట్ట పొడిగానే ఉంది.