తొలి కాన్పు – తల్లిదండ్రుల ధైర్యం

కాశ్యప సంహిత చదివి, శిశు సంరక్షణలో పరీక్ష నెగ్గిన నాకు, తొలి బిడ్డ పుట్టిన మూడవ రాత్రి ఆ చదువేదీ అక్కరకు రాలేదు. గంటకొకసారి గుక్కపట్టి ఏడ్చే పసికందును చూసి ‘తల్లికి పాలు చాలడం లేదు’ అని ఇంటి పెద్దలు తేల్చారు. నా భార్య కన్నీరు పెట్టుకుంది. అర్ధరాత్రి డబ్బాపాలు తెచ్చినవాడిని నేనే. పాలు చాలుతున్నవో లేవో తెలుసుకునే తీరును మేమిద్దరం కలిసి ముందుగా నేర్చుకొని ఉండలేదు.

ఆ లెక్క సులువైనదే. శిశువు మొదటి రోజున కనీసం ఒకసారి, రెండవ రోజున రెండుసార్లు మూత్రవిసర్జన చేస్తుంది. 5వ రోజు నుండి రోజుకు 6 సార్లయినా పొత్తిగుడ్డ తడిపి, తూకం కూడా పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే. తొలి రోజులలో కొంత తూకం తగ్గి, సుమారు రెండు వారాలకు తిరిగి వస్తుంది. 24 గంటలలో 8 నుండి 12 సార్లు పాలు కోరడం సహజం. ముర్రుపాలు చూడటానికి కొద్దిగా ఉన్నా ఆ చిన్న పొట్టకు అవి సరిపోతాయి. బిడ్డ చప్పరించిన కొద్దీ పాలు ఊరుతాయి; సీసా చేరితే ఆ ఊట తగ్గుతుంది.

అందుచేత నా వద్దకు వచ్చే గర్భిణులను ఎనిమిదవ నెలలోనే భర్తతో కలిసి రమ్మంటాను. గుడ్డబొమ్మతో బిడ్డను ఎత్తుకునే తీరు, రొమ్ము పట్టించే తీరు ఇద్దరూ అభ్యాసం చేస్తారు. వీలయితే అమ్మగారినీ, అత్తగారినీ కూడా పిలుస్తాను. రాత్రి రెండు గంటలకు తీర్పు చెప్పేది వారే గదా!

పెద్దల అనుభవం విలువైనది. మృదువైన నూనె మర్దన వారి చేతిని చూసి నేర్చుకోవలసినదే. అయితే తేనె నాకించడం ప్రాచీన జాతకర్మలో ఉన్నప్పటికీ, ఏడాది నిండేవరకు కూడదు. అందులో ఉండగల సూక్ష్మక్రిముల బీజాలు పసివారి ప్రేగులలో విషాన్ని పుట్టించగలవు. ముక్కులో నూనె పోస్తే ఊపిరితిత్తులకు ముప్పు. వైద్యులు రాసిన మందులు తప్ప, 6 నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు. మంచినీరు, వస, ఆముదం ఏవీ అక్కరలేదు.

ఒక కాగితంపై కొన్ని లక్షణాలు రాయించి గోడకు అంటించమంటాను. పాలు త్రాగకపోవడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, నిమిషానికి 60 లేదా అంతకు మించిన శ్వాస, మూర్ఛ, తొలి రోజే పచ్చబడటం, ఆ తరువాతనైనా పచ్చదనం అరచేతులకు, అరికాళ్ళకు చేరడం. వీటిలో ఏది కనిపించినా ఇంటివైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి చేరాలి.

మా రెండవ బిడ్డ వేళకు నా భార్య దిండు క్రింద చిన్న పుస్తకం ఉంచుకొని, తడిసిన పొత్తిగుడ్డలు లెక్క వేసింది. మూడవ రాత్రి ఏడుపు మునుపటి వలెనే ఉన్నది. డబ్బా మాత్రం కొనలేదు.