తప్పు చేయనిచ్చే గది

బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ 1957లో మొదలైంది. రాకేశ్ శర్మను, ఆ తర్వాత గగన్‌యాన్ వ్యోమగాములను ఎంపిక కోసం పరీక్షించిన వైమానిక దళ సంస్థ ఇదే. పైలట్ల శిక్షణా ఇక్కడే.

ఆక్సిజన్ కొరత శిక్షణ ఎలా ఉంటుందో చూడండి. గాలి పీడనం తగ్గించిన గదిలో పైలట్ మాస్కు తీసేసి, కాగితంపై కూడికలు, తీసివేతలు చేస్తాడు. కాసేపటికి అంకెలు వంకర పోతాయి, లెక్క తప్పుతుంది. అతనికి మాత్రం అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది! మాస్కు పెట్టుకున్నాక ఆ కాగితం చూస్తేగానీ నమ్మలేడు. పాఠం చెప్పి ఇది నేర్పించలేం.

ప్రమాదం లేని చోట తప్పు చేయనిచ్చి నేర్పే ఈ ఆలోచన పాతదే. ఎడ్విన్ లింక్ 1929లో నేలమీదే విమానం నడపడం నేర్పే యంత్రం తయారుచేశాడు. కొనేవాళ్లు కరువయ్యారు. 1934లో విమానాల్లో టపా మోస్తూ తన పైలట్లు వరసగా చనిపోయాకే అమెరికా సైన్యం ఆరు యంత్రాలు కొంది.

1970లలో అదే సైన్యం మరో అలవాటు చేసుకుంది: కసరత్తు ముగియగానే అందరూ కూర్చుని ఏం జరిగింది, ఎందుకు జరిగిందని విప్పి మాట్లాడుకోవడం. మన బడుల్లో అత్యవసరంగా కావలసింది ఇదే. పరీక్ష పేపరు మార్కులతో ఇంటికొస్తుంది. లెక్క ఎక్కడ దారి తప్పిందో పిల్లవాడితో కూర్చుని చూసే పీరియడ్ టైంటేబుల్‌లో ఉండదు.