అమీబా నడక ఆగకముందే పరీక్ష!

తెల్లవారుజామున ఆళ్లగడ్డలో డబ్బాలో మలం పట్టి, కవర్లో చుట్టి, బస్సెక్కి నంద్యాల వచ్చి, ఓపీ చీటీ రాయించుకుని ల్యాబ్ ముందు నిలబడేసరికి పదవుతుంది. ‘అమ్మకు నాలుగు రోజులుగా బంక, నెత్తురు పడుతున్నాయి సార్. లేవలేక ఇంట్లోనే ఉంది. చెడిపోకుండా ఐసు పెట్టి మరీ తెచ్చా’ అంటాడు కొడుకు. ఇలాంటివాళ్లను తరచూ చూస్తుంటాను. అంత శ్రద్ధగా తెచ్చినా, మేం వెతికేది చాలాసార్లు దొరకదు. ఎందుకంటే మేం వెతికేది అమీబా నడకను.

కాళ్లు లేకుండా ఎలా నడుస్తుంది?

బడిలో మీరు బొమ్మ గీసిన అమీబాకు చుట్టమే ఈ ఎంటమీబా హిస్టోలిటికా. మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతుండే ఒకే ఒక్క కణం. దాని లోపలి పదార్థం రాగి జావలా పలచగా, అంచు సంకటిలా గట్టిగా ఉంటుందనుకోండి. అంచులో ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి. మయోసిన్ అనే ప్రొటీన్ వాటిని పట్టి లాగుతుంది. ఆ ఒత్తిడికి జావ ఒకవైపు వేలిలా ఉబుకుతుంది. అదే మిథ్యాపాదం. అక్కడ కొత్త పోగులు అల్లుకుని గట్టిపడతాయి, వెనకభాగం ముందుకు జారుతుంది. మన కండరాలు బిగిసేదీ ఈ రెండు ప్రొటీన్లతోనే. క్రిముల్ని వెంటాడే తెల్ల రక్తకణాలు పాకేదీ ఇలాగే.

ఈ నడకతోనే అమీబా పెద్దపేగు గోడలోకి చొరబడి పుండు చేస్తుంది, ఎర్ర రక్తకణాల్ని మింగుతుంది. కొందరిలో రక్తం ద్వారా కాలేయానికి చేరి చీముగడ్డ అవుతుంది. 1875లో రష్యా వైద్యుడు ఫ్యోదర్ లోష్ ఒక రోగి మలంలో దీన్ని గుర్తించారు. సూక్ష్మదర్శినిలో మాకు నేటికీ ముఖ్యమైన ఆనవాలు ఒకటే: కదులుతున్న అమీబా, దాని లోపల ఎర్ర కణాలు.

అరగంటే గడువు

ఒంటి వెచ్చదనం దాటి బయటికొస్తే ఈ నడక త్వరగా ఆగిపోతుంది. పలచటి విరేచనాన్ని అరగంటలోపు చూడాలి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు. బస్సు దిగేసరికే ఆ గడువు దాటుతుంది. అందుకే మీకు దగ్గరలోని ఆసుపత్రిలోనే పరీక్ష చేయించండి. లేదా రోగినే తీసుకొచ్చి, ఇక్కడే నమూనా ఇవ్వండి.

* బంక, నెత్తురు ఉన్న భాగాన్ని పట్టండి.
* మూత్రం, నీళ్లు కలవనివ్వొద్దు.
* మందులు మొదలుపెట్టకముందే ఇవ్వండి.

రక్త విరేచనాలన్నీ అమీబావే కావు. బ్యాక్టీరియా వల్లా వస్తాయి, వాటికి మందు వేరు. మందుల షాపులో అడిగి బిళ్లలు మింగితే అసలు జబ్బు తెలియకుండా పోతుంది.

కదలనిదే ఊరంతా తిరుగుతుంది

కదిలే అమీబా బయట ఎక్కువసేపు బతకదు. మింగినా జీర్ణాశయంలోని ఆమ్లానికి చస్తుంది. చుట్టూ గట్టి గోడ కట్టుకుని కదలకుండా ఉండే రూపం మరోటుంది. దాన్ని సిస్ట్ అంటారు. నీళ్లు, కడగని ఆకుకూరలు, మలం అంటిన చేతుల ద్వారా ఇంటింటికీ చేరేది ఇదే. మామూలు మోతాదు క్లోరిన్‌కు ఇది లొంగకపోవచ్చు. నీళ్లు మరిగిస్తే మాత్రం చస్తుంది.

చికిత్స కూడా అందుకే రెండు దశల్లో ఉంటుంది. పేగు గోడలోకి దూరిన అమీబాలను మెట్రోనిడజోల్ లాంటివి చంపుతాయి. పేగులో మిగిలినవాటికి డైలాక్సనైడ్ లాంటి రెండో మందు కావాలి. విరేచనాలు ఆగాయని మధ్యలో మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు, ఇంట్లో మరొకరికీ అంటుకోవచ్చు. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం ముట్టొద్దు.

జ్వరంతో పాటు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే, విరేచనాలు లేకపోయినా వెంటనే రండి. కాలేయంలో గడ్డ ఉందేమో స్కాన్‌లో చూడాలి.

ఆ కొడుకుతో నేననేదీ ఒక్కటే: ‘డబ్బా వద్దు నాయనా, అమ్మను తీసుకురా.’