సరిహద్దులు తెరిస్తే చాలదు, గిడ్డంగులూ నిండాలి

ఫీనిక్స్ బే: అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్)లోని ఈ రేవు నుంచి చిన్న దీవులకు వెళ్లే ఓడలు ప్రయాణికులతో పాటు సరుకులనూ మోస్తుంటాయి. ఆ సరుకుల్లో చాలా భాగం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చినవే. ఈ దారిలో దేశ సరిహద్దు లేదు, దిగుమతి సుంకం లేదు. అయినప్పటికీ వాతావరణం వికటించి ఓడలు నిలిచిపోతే దీవుల ప్రజలకు ఆధారం గిడ్డంగుల్లోని నిల్వలే. స్థానిక వరి సాగును 2004 డిసెంబరు 26 నాటి సునామీ దెబ్బతీసింది. దక్షిణ అండమాన్‌లో ఎన్నో పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి.

తిండిగింజలకు దిగుమతులపై ఆధారపడిన వర్ధమాన దేశాలదీ ఇదే చిక్కు. సరిహద్దుల వద్ద పత్రాల తనిఖీ ఆలస్యమైతే పండ్లు, కూరగాయలు, చేపలు దారిలోనే పాడవుతాయి. ఆ నష్టం ధరల రూపంలో పేదలపై పడుతుంది. ఈ జాప్యాన్ని తగ్గించడానికే ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు 2013 డిసెంబరులో బాలిలో వాణిజ్య సౌలభ్య ఒప్పందానికి అంగీకరించాయి. త్వరగా పాడయ్యే సరుకును వీలైనంత తక్కువ సమయంలో విడుదల చేయాలన్నది అందులోని ఒక నిబంధన.

అయితే దాని అమలుకు 2014 జూలైలో భారత్ అభ్యంతరం తెలిపింది. మద్దతు ధరకు కొని ప్రజాపంపిణీకి నిల్వచేసే ధాన్యంపై సబ్సిడీ, ఉత్పత్తి విలువలో 10 శాతం మించరాదన్నది సంస్థ నియమం. ఆ సబ్సిడీని 1986-88 నాటి ధరలతో పోల్చి లెక్కగట్టడం అన్యాయమన్నది భారత్ వాదన. శాశ్వత పరిష్కారం కుదిరే వరకు ఈ నిల్వలపై షరతులకు లోబడి వివాదం లేవనెత్తరాదని నవంబరులో నిర్ణయించాకే ప్రతిష్టంభన తొలగింది. 2017 ఫిబ్రవరి 22న ఒప్పందం అమల్లోకి వచ్చింది. నిల్వల సమస్యకు శాశ్వత పరిష్కారం మాత్రం 2024 నాటి అబుదాబి సమావేశంలోనూ లభించలేదు.

నాణేనికి రెండో వైపూ ఉంది. ప్రపంచ బియ్యం వాణిజ్యంలో దాదాపు 40 శాతం వాటా గల భారత్, దేశీయ ధరల అదుపు కోసం 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతులను నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం విధించింది. ఆ నెలలో అంతర్జాతీయ బియ్యం ధరలు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరాయి. కాకినాడ వంటి రేవుల నుంచి బియ్యం తెప్పించుకునే పశ్చిమాఫ్రికా దేశాలకు ఇది పెనుభారం. ఈ రెండు ఆంక్షలూ 2024లో తొలగిపోయాయి.

తనిఖీలు ఎంత సులభమైనా, అమ్మే దేశం తలుపు మూస్తే కొనే దేశానికి దిక్కు దాని సొంత పంట, సొంత నిల్వలే. వాణిజ్య సౌలభ్యం ఆహార భద్రతకు తోడ్పడుతుందే గాని, వాటి స్థానాన్ని భర్తీ చేయజాలదు.