చలి దేశాల్లో మెటల్ బ్యాండ్లు, విజయనగరంలో గాయకులు: రెండిటి వెనకా ఒకటే కారణమా?

వీడియో చూడ్డానికి డేటా లేనోళ్ళ కోసం, బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినోళ్ళ కోసం ఈ ఎపిసోడ్ మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా.

మా ఊరు వెంకటాచలం. నెల్లూరు నుంచి గూడూరు పోయే హైవే మీద టోల్‌గేట్ వస్తుంది చూడండి, అదే. మొన్న సంక్రాంతికి ఇంటికి పోతే మా అక్క కొడుకు నా ఫోన్ లాక్కున్నాడు. ఎనిమిదో తరగతి. ఒక ఫిన్లాండ్ మెటల్ బ్యాండ్ వీడియో పెట్టి, అన్నం తినే కంచం మీద రెండు స్పూన్లతో వాయించేస్తున్నాడు. లయ తప్పడం లేదు, అది నాకు ఆశ్చర్యం. తర్వాత రెండు ప్రశ్నలడిగాడు.

ఒకటి: "మామా, ఈ బ్యాండ్లన్నీ ఆ మంచు దేశాల్లోనే ఎందుకున్నాయి?"

రెండు: "నాకు డ్రమ్స్ కొనిస్తావా?"

రెండో ప్రశ్నకి మా బావ వెంటనే జవాబు చెప్పేశాడు: "అది కూడు పెడతదా అబ్బయా?" మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు నా దగ్గర లేదు. వెతికాను. వెతికితే అది బావ మాటకి కూడా సమాధానంలా కనిపించింది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు లెక్క చూద్దాం

స్కాండినేవియా అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్. పక్కనున్న ఫిన్లాండ్ లాంటి దేశాల్ని కూడా కలిపితే నార్డిక్ దేశాలు అంటారు. స్వీడన్ జనాభా కోటి దాటి కొంచెం. నార్వే, ఫిన్లాండ్ ఒక్కోటి సుమారు 55 లక్షలు. ఈ మూడూ కలిపినా మన ఆంధ్రప్రదేశ్ జనాభాలో సగం కూడా కాదు.

అక్కడి నుంచి వచ్చిన పేర్లు చూడండి. స్వీడన్ నుంచి ఓపెత్, మెషుగ్గా, ఇన్ ఫ్లేమ్స్, అమోన్ అమార్త్. నార్వే నుంచి మేహెమ్, ఎంపరర్. ఫిన్లాండ్ నుంచి నైట్‌విష్, చిల్డ్రన్ ఆఫ్ బోడమ్. యూరోవిజన్ పాటల పోటీని 2006లో ఫిన్లాండ్‌కి గెలిచిపెట్టింది లోర్డి, రాక్షసుల వేషాలేసుకునే హార్డ్ రాక్ బ్యాండ్. 2016లో వైట్ హౌస్ విందులో ఒబామా కూడా జనాభా లెక్కన ఫిన్లాండ్‌లో ఉన్నన్ని మెటల్ బ్యాండ్లు ఇంకెక్కడా ఉండవేమో అని సరదాగా అన్నాడు.

అందరూ చెప్పే కారణాలు

మొదటిది చలి. ఆరు నెలలు చీకటి, మంచు, దిగులు, దాన్నుంచి ఈ సంగీతం పుట్టింది అంటారు. బాగుంటుంది వినడానికి. కానీ కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు మనం ఏం చేస్తాం? అదే కండిషన్ ఇంకో చోట పెట్టి రన్ చేస్తాం. సైబీరియాలో ఇంకా చలి. అలాస్కాలో కూడా చలే. అక్కడి నుంచి ఇన్ని బ్యాండ్లు రాలేదు. పైగా సెపుల్తురా బ్యాండ్ వచ్చింది బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటే నుంచి. అక్కడ మంచు పడదు.

రెండోది వైకింగ్ రక్తం. రక్తంలోనే ఉంటే వెయ్యేళ్ళుగా ఏం చేసినట్టు? ఈ మోత మొదలైందే 1980ల్లో.

మూడోది డబ్బు. దేశాలు ధనికమైనవి, నిజమే. డబ్బు సాయపడుతుంది. కానీ ఖతార్‌లో కూడా డబ్బుంది.

చలిని పూర్తిగా కొట్టిపారేయను. చలి పిల్లల్ని గదిలోకి తోస్తుంది. కానీ ఆ గదిలో డ్రమ్స్ ఉండాలి కదా? అవి ఎవరు పెట్టారు? అసలు ప్రశ్న అది.

గదిలో డ్రమ్స్ ఎవరు పెట్టారు

స్వీడన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరూరా మునిసిపాలిటీలు సంగీత పాఠశాలలు పెట్టుకుంటూ వచ్చాయి. మన దగ్గర మునిసిపాలిటీ అంటే కుళాయి, చెత్తబండి గుర్తొస్తాయి. అక్కడ వాటితో పాటు వయొలిన్, ట్రంపెట్, గిటార్ కూడా. బడిపిల్లలకి ఫీజు లేకుండానో, చాలా తక్కువ ఫీజుకో నేర్పేవాళ్ళు. చాలాచోట్ల వాయిద్యం కూడా అద్దెకి ఇస్తారు, ఇంటికి తీసుకుపోయి సాధన చేసుకోవచ్చు.

కొంచెం పెద్దయ్యాక బ్యాండ్ పెట్టుకుంటే ఇంకో ఏర్పాటుంది. అక్కడ వయోజన విద్యా సంఘాలుంటాయి. నలుగురు కలిసి ఏదైనా నేర్చుకుంటుంటే దాన్ని స్టడీ సర్కిల్‌గా రాసుకుని ప్రభుత్వ సాయం ఇప్పిస్తాయి. ఆ నలుగురూ మెటల్ వాయించినా సరే, అది కూడా నేర్చుకోవడమే. అలా ప్రాక్టీస్ గది దొరుకుతుంది.

ఫిన్లాండ్‌లోనూ సంగీత పాఠశాలలకి ప్రభుత్వ డబ్బు వస్తుంది. దాని ఫలితానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ అపోకలిప్టికా. 1993లో హెల్సింకిలోని సిబేలియస్ అకాడమీలో చెల్లో నేర్చుకునే నలుగురు కుర్రాళ్ళు సరదాగా మెటాలికా పాటలు చెల్లో మీద వాయించారు. 1996లో అది ఆల్బమ్ అయింది. శాస్త్రీయ సంగీతం నేర్పుదామని పెట్టిన బడి నుంచి మెటల్ బయటికొచ్చింది. నైట్‌విష్ మొదటి గాయని తార్యా తురునెన్ కూడా ఆ అకాడమీలో చదివిన అమ్మాయే. ఆ బ్యాండ్ పుట్టింది కిటే అనే చిన్న ఊళ్ళో.

మెటలే కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద పాప్ పాటలు రాసిన మాక్స్ మార్టిన్ స్వీడన్ వాడే, మొదలుపెట్టింది రాక్ బ్యాండ్‌లోనే. తన ఎదుగుదలకి ప్రభుత్వ సంగీత విద్యే కారణమని ఆయనే చెప్పుకున్నాడు.

గది ఒక్కటే సరిపోదు, జట్టు కావాలి. గోథెన్‌బర్గ్‌లో ఇన్ ఫ్లేమ్స్, డార్క్ ట్రాంక్విలిటీ అని రెండు బ్యాండ్లు. 1994లో వచ్చిన ఇన్ ఫ్లేమ్స్ మొదటి ఆల్బమ్‌లో పాడింది మికాయెల్ స్టానె, అంటే డార్క్ ట్రాంక్విలిటీ వాడు. డార్క్ ట్రాంక్విలిటీలో అంతకుముందు పాడిన ఆండర్స్ ఫ్రీదెన్ తర్వాత ఇన్ ఫ్లేమ్స్‌కి గాయకుడయ్యాడు. పక్క వీధి క్రికెట్ టీమ్‌కి మన బౌలర్‌ని అప్పిచ్చినట్టు! స్టాక్‌హోమ్‌లో అయితే ఎంటూమ్డ్, డిస్మెంబర్ లాంటి బ్యాండ్లు సన్‌లైట్ అనే ఒకే స్టూడియోలో రికార్డ్ చేసుకున్నాయి. అందుకే ఆ ఊరి గిటార్ మోత వినగానే గుర్తుపట్టేస్తారు.

మూడోది దారి. వాళ్ళు ఇంగ్లీషు బాగా నేర్చుకుంటారు, చాలామంది ఇంగ్లీషులోనే పాడతారు. కాబట్టి ప్రపంచమంతా మార్కెట్.

గది, జట్టు, దారి. ఇవి మూడూ గుర్తుపెట్టుకోండి. (నార్వే బ్లాక్ మెటల్ వాళ్ళు 1990ల మొదట్లో చర్చిలు తగలబెట్టడం, హత్యలు, ఆ కథంతా నాకు తెలుసు. అది నేరం, అది వేరే ఎపిసోడ్.)

ఇప్పుడు మన విజయనగరం

ఇదంతా మనకి కొత్త అనుకోకండి. స్వీడన్ వాళ్ళ కంటే ముందే మన దగ్గర ఒక ఊళ్ళో జరిగింది.

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ పిల్లాడికి సంగీతం నేర్పడం కోసం మొదలైందని చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, హరికథా పితామహుడు. వయొలిన్ చెప్పడానికి వచ్చింది ద్వారం వెంకటస్వామి నాయుడు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటాయంతే. ఆయనకీ చూపు తక్కువే. తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. దక్షిణాదిలో వయొలిన్ అంటే ఆయన పేరు చెప్పాల్సిందే.

ఆ కాలేజీలో చదివినవాళ్ళలో ఇద్దరి పేర్లు చెప్తా, చాలు. ఘంటసాల. పి. సుశీల. మన అమ్మమ్మల దగ్గర్నుంచి మన దాకా ప్రతి తెలుగు ఇంట్లో వినపడిన రెండు గొంతులూ ఒకే కాలేజీ నుంచి వచ్చాయి. సుశీలమ్మది విజయనగరమే. ఎక్కువ పాటలు పాడినందుకు 2016లో గిన్నిస్ రికార్డు ఎక్కారు, 17,695 పాటలు.

విజయనగరం నీళ్ళలో ఏదో ఉందని పెద్దవాళ్ళు అంటుంటారు. నీళ్ళలో ఏం లేదు ఫ్రెండ్స్. జీతం తీసుకునే గురువులున్నారు, తలుపు తెరిచిన బడి ఉంది. అది గది. ఊళ్ళో ఎటు చూసినా పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. అది జట్టు. మద్రాసులో రేడియో, గ్రామఫోన్ కంపెనీలు, సినిమా. అది దారి. మూడూ కలిశాయి.

ఉంగరం కథ

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఘంటసాల విజయనగరం వాడు కాదు. కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టాడు. నాన్న చిన్నప్పుడే పోయాడు. సంగీతం నేర్చుకోవాలని వేలికున్న ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. తీరా పోతే కాలేజీకి వేసవి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి నేర్పారు. తిండికి మాత్రం భుజాన జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మాధుకరం ఎత్తుకున్నాడు.

మనం ఈ కథని స్ఫూర్తి కోసం చెప్పుకుంటాం. "చూడరా, కష్టపడితే ఘంటసాల అయ్యాడు" అని. నేనూ అలాగే విన్నా. కానీ ఈసారి వేరే ఆలోచన వచ్చింది. అమ్ముకోవడానికి ఉంగరం కూడా లేని పిల్లాడి సంగతేంటి? జోలె పట్టుకోవడానికి సిగ్గుపడి వెనక్కి పోయినోడి సంగతేంటి? జోలె పట్టినా ఎవరూ వడ్డించని కులంలో పుట్టినోడి సంగతేంటి? వాళ్ళ పేర్లు మనకి తెలీవు, ఎందుకంటే వాళ్ళు పాడలేదు.

స్వీడన్‌కీ మనకీ తేడా ఇక్కడుంది. మనది రాజు గారి దానం, ఒక్క ఊళ్ళో. వాళ్ళది జనం పన్ను, ప్రతి ఊళ్ళో. ఒక్క బడి పెడితే ఒక ఘంటసాల, ఒక సుశీల వచ్చారు. అలాంటివి వంద పెట్టుంటే?

మరి మన బాలు గారు?

నెల్లూరోళ్ళు వెంటనే అడుగుతారు, నాకు తెలుసు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఏ సంగీత కాలేజీకి పోయాడబ్బా? పోలేదు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే చెప్పేవారు. ఆయన చేరింది ఇంజనీరింగ్‌లో, మనలాగే!

కానీ గది లేదా? ఉంది. నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. ఇల్లే బడి. జట్టు? మద్రాసులో కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన ట్రూప్‌లో గిటార్, హార్మోనియం వాయించినోళ్ళలో ఒకడు ఇళయరాజా. దారి? ఒక పాటల పోటీలో కోదండపాణి గారి చెవిన పడ్డాడు, 1966లో మొదటి సినిమా పాట. మూడూ ఉన్నాయి, కాకపోతే ఇంట్లో దొరికాయి. ఇంట్లో దొరకనోళ్ళ కోసమే ఊళ్ళో బడి కావాలి. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో తన ఇంటిని 2020లో వేదపాఠశాలకి ఇచ్చేశారాయన. ఒక గది విలువ ఆయనకి తెలుసు.

మా బ్యాండ్ సంగతి

బీటెక్‌లో మేం నలుగురం బ్యాండ్ పెట్టాం. ఒక గిటార్, అది కూడా సెకండ్ హ్యాండ్. డ్రమ్స్ బదులు పెయింట్ డబ్బాలు. హాస్టల్లో వాయిస్తే వార్డెన్ గొడవ, బయట వాయిస్తే పక్కింటోళ్ళ గొడవ. గంటకి ఇంత అని గది దొరికేది మద్రాసులో, రైలు టికెట్ కూడా వేసుకోవాలి. నాలుగో ఏడు ప్లేస్‌మెంట్లు వచ్చాయి, గిటార్ అమ్మేశాం. మాలో గొప్ప ప్రతిభ ఉందని చెప్పను. ఉందో లేదో తెలుసుకునే అవకాశం రాలేదు, అంతే. గొప్ప బ్యాండ్ ఒక్కటి రావాలంటే మా లాంటి చెత్త బ్యాండ్లు వంద వాయిస్తూ ఉండాలి. ఆ వందకీ అక్కడ గది దొరుకుతుంది.

కూడు పెడతదా అన్న మా బావ మాట తప్పు కాదు. చాలామందికి పెట్టదు. స్వీడన్‌లోనూ మెటల్ వాయించే ఎక్కువమంది పగలు వేరే ఉద్యోగం చేస్తారు. కానీ ఎనిమిదో తరగతి పిల్లాడు క్రికెట్ బ్యాట్ అడిగితే మనం కూడు గురించి అడగం కదా?

డ్రమ్ సెట్ నేను కొనలేదు. మా వీధి చివర పెళ్ళిళ్ళకి బ్యాండు మేళం వాయించే మాస్టారు ఉన్నాడు. ముహూర్తాలు లేని రోజుల్లో డ్రమ్ములు ఖాళీగా పడుంటాయి. పోయి అడిగా. "పంపు నాయనా, తోలు చిరగ్గొట్టకుంటే చాలు" అన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున మావాడు అక్కడే. వాడితో పాటు ఇంకో ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారంట. మా బావ ఒక్క షరతు పెట్టాడు: పన్నెండు లోపల ఆపేయాల, ఆయన పడుకోవాల.

మీ ఊళ్ళో అలాంటి గది ఏదైనా ఉందా? సాయంత్రం నాలుగు తర్వాత తాళం పడే బడి, భజన మందిరం, చర్చిలో కీబోర్డు, మేళం వాళ్ళ ఇల్లు, ప్రభుత్వ సంగీత పాఠశాల? ఊరి పేరుతో సహా కామెంట్లో రాయండి. పక్క ఊరి పిల్లాడెవడైనా చదువుతాడు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.