పామ్ మొక్కతో పిల్లికి ప్రమాదమా?

నల్లగొండ పక్కనున్న పానగల్ ప్రాంతం వారికి తాటి, ఈత చెట్లు కొత్తవి కావు. ఇవి పామ్ కుటుంబానికి చెందినవి. కుండీలో పెంచే అరెకా పామ్ కూడా ఈ కుటుంబానిదే. దాని ఆకు కొరికిన పిల్లి మహా అయితే కక్కుతుంది. ఆ ఆకులో విషం లేదు.

మరి సాగో పామ్? దాని ఆకులు చూడటానికి ఈతాకుల్లాగే ఉంటాయి. కాని అది పామ్ కాదు, సైకస్! అది పువ్వులు పూయదు. దేవదారులాగా వివృతబీజ జాతి మొక్క. శేషాచలం కొండల్లో పెరిగే పేరీత కూడా సైకసే. పేరులో ఈత ఉన్నంత మాత్రాన ఈతచెట్టు అయిపోదు కదా!

సైకస్ అన్ని భాగాల్లోనూ, ముఖ్యంగా గింజల్లో, సైకసిన్ అనే పదార్థం ఉంటుంది. పేగుల్లోని బాక్టీరియా దాని నుంచి చక్కెర భాగాన్ని విడగొడతాయి. మిగిలిన భాగం విషమై కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాంతులు, మగత, కళ్లు పచ్చబడటం దీని లక్షణాలు. ఆలస్యమైతే పిల్లి చనిపోవచ్చు.

ఈ రెండు మొక్కల్నీ గుర్తించటం ఎలా? ఒక చిరుపత్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సైకస్‌కు నడుమ ఒకే ఈనె ఉంటుంది. అరెకాకు సన్నని ఈనెలు అనేకం సమాంతరంగా కనిపిస్తాయి. సైకస్ అయితే, పిల్లి తిరిగే ఇంట్లో ఉంచకండి. పిల్లి దాన్ని కొరికిందని తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.